కుక్కర్ మూత సాక్ష్యం

గప్పాలు కొట్టడంలో బోయిగూడ మొత్తానికి నన్ను మించినవాళ్లు లేరని పేరు. నా దుకాణానికి బ్లౌజు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లను ఊరికే పంపను. మా నాయన కుట్టిన షేర్వానీ వేసుకున్న పెళ్లికొడుకు, ఆ జరీ బరువుకు గుర్రం దిగలేక, నిఖా గుర్రం మీదే చదివించుకున్నాడని చెప్తాను. మోండా మార్కెట్‌లో నేను కొన్న సొరకాయ ఎంత పొడుగంటే, తోక ఇంకా బేరంలో ఉండగానే తల మా ఇంటి గుమ్మం దాటిందంటాను. వినేవాళ్లు నమ్మరు. నమ్మకపోయినా స్టూలు లాక్కుని కూర్చుంటారు. నాకు అంతే కావాలి.

అలాంటి నన్ను ఒకే ఒక్క మనిషి ఓడించింది. ఆమె పోయిందని మొన్న తెలిసింది. డెంగీ అట. మా వీధి వదిలి వెళ్లి చాలా ఏళ్లయింది కాబట్టి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. పాలప్యాకెట్ల దగ్గర ఒకామె, "మీ పక్కింట్ల పైపోర్షన్ల ఉండె సూడు, శ్రీకాకుళపామె, పోయిందంట పాపం" అంది. ఇంకొకామె, "ఏ ఆమె? కోర్టామెనా?" అని అడిగి, చిల్లర తీసుకుని వెళ్లిపోయింది. అయిపోయింది.

ఆమె పేరు నాకు తెలుసు. రాయను. కోర్టు వరండాలో బంట్రోతు అరిచినంత గట్టిగా ఆ పేరును ఇంకెవరూ ఎప్పుడూ పిలవలేదు. ఇక చాలు.

మాదాపూర్ దిక్కు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. మా వీధి కరెంటు స్తంభాలకు కూడా కంప్యూటర్ కోర్సుల కాగితాలు అంటించి ఉండేవి. పక్కింటి పైపోర్షన్‌కు సాఫ్ట్‌వేర్ కిరాయిదారు దొరికాడని ఆ ఇంటాయన గల్లీ అంతా చెప్పుకున్నాడు. బేగంపేటలో ఏదో కంపెనీలో టీమ్ లీడర్. మెడలో ట్యాగు, ఇస్త్రీ నలగని చొక్కా. మెట్లు దిగుతూ నాకు "గుడ్ మార్నింగ్ ఆంటీ" చెప్పకుండా ఒక్క పొద్దూ పోలేదు. ఆయన భార్య ఈమె. బడికి పోయే చిన్న కూతురు.

మొదటిసారి నా దుకాణంలోకి వచ్చినప్పుడు ఆమె చెంప వాచి ఉంది.

"ఏమైంది చెల్లె?" అన్నాను.

చెంగు కొసతో గడ్డం ఒత్తుకుంది; కథ మొదలెట్టే ముందు ఎప్పుడూ అంతే. "చిన్నదే లెండి వదినగారూ. దెబ్బ చిన్నదే, కథే పెద్దది" అంటూ స్టూలు మీద కూర్చుంది. వీపు గోడకు ఆనించి, గుమ్మం కనబడేలా. ఎప్పుడొచ్చినా అక్కడే, అలాగే కూర్చునేది.

"డాబా మీద వడియాలు ఎండబెట్టేనండి. ఎక్కణ్నుంచొచ్చిందో ఓ కోతి. ఒక్కటే. వచ్చి వడియం తీసి నోట్లో ఏసుకుంది. ఉప్పు చాల్లేదు కామోసు, నాకేసి అదోలా చూసింది. చూసి, దగ్గరకొచ్చి, పెళ్లున లెంపకాయ కొట్టింది. కొడితే కొట్టింది, వెళ్లిపోవచ్చు కదా? మళ్లీ ఇంకో వడియం తీసుకుంది చూడండి, అదీ నాకు కోపం!"

నేను నవ్విన నవ్వుకు మిషన్ మీద దారం తెగింది. ఆమె కూడా నవ్వింది. నవ్వినప్పుడు వాచిన పక్క కదలకుండా ఒక్క పక్కతోనే నవ్వడం ఆమెకు బాగా వచ్చు.

ఆ తర్వాత ఇంకొన్ని విన్నాను. మోండా మార్కెట్ హమాలీ నెత్తిమీది గంపలోంచి గుమ్మడికాయ దూకి, మిగతావాళ్లందర్నీ వదిలేసి ఆమె మోచేతినే వెతుక్కుంటూ వచ్చిన కథ. బీరువా తలుపు కోపమొచ్చి మొహం మీద మూసుకున్న కథ. కానీ ఆమె పేరు నిలబెట్టింది మాత్రం కుక్కర్ కథే. అది చెప్పేటప్పుడు కూతురు కూడా పక్కనే ఉండేది.

"ఈల వెయ్యాల్సిన కుక్కరు అలిగి మూత విసిరిందండి. మూత సరాసరి పైకెళ్లి ఫ్యాన్ రెక్కకి తగిలింది. రెక్క ఊరుకుంటాదేటి? గిర్రున తిప్పి నా భుజమ్మీదకి పంపింది. అక్కడ దిగి, మళ్లీ లేచి, అలమరా ఎక్కి కూర్చుంది. పప్పు మాత్రం ఒక్క చుక్క ఒలకలేదు!"

"అమ్మా, 'నేను దిగను' అంది కదా మూత?" అని పాప గుర్తు చేసేది.

"అవునే, మర్చేపోయేను. 'నేను దిగను' అందండి. చీపురు చూపిస్తే దిగింది."

పాప చేత్తో రెక్క తిప్పి చూపించేది. బుగ్గలు పూరించి కుక్కరయ్యేది. మా దుకాణంలో ఉన్న ఆడవాళ్లంతా కడుపు పట్టుకునేవాళ్లు. తర్వాత నేను అదే కథ చెప్పబోతే, "ఉండక్కా, ఆమె చెప్పినట్టు నీకు రాదు" అని నా నోరు మూయించేవాళ్లు. చెప్పొద్దూ, నాకు మండేది.

ఆడవాళ్లంతా బ్లౌజు చేతులు కురచ చేయించుకుంటున్న కాలంలో, ఆమె ఒక్కతే ప్రతిసారీ పొడుగు చేయించుకునేది. మొదట మోచేతి దాకా. తర్వాత మోచేతి కిందకి. మే నెలలో మణికట్టు దాకా. టేపు పట్టుకున్న చేతికి తెలియకపోవడమేముంది? కానీ ఆ స్టూలు మీద కూర్చున్న కాసేపే ఆమె తన ఇష్టానికి మాట్లాడేది. ఆ కాసేపు కథది. నేను టేపు మెడలో వేసుకుని వినేదాన్ని.

ఒక పొద్దున్న ఆయన ఆఫీసుకు పోయాక ఆమె దిగి వచ్చింది. భుజాన సంచి. చెయ్యి పట్టుకుని యూనిఫాం వేసుకున్న పాప. స్టూలు లాగితే కూర్చోలేదు. చెంగు గడ్డానికి పోలేదు.

"వదినగారూ, ఈసారి కథ లేదు" అంది.

పాపను బడిలో దింపి వచ్చాక చెప్పింది. ఒక్కొక్క కథనూ విప్పి, లోపల ఏముందో చూపించింది. చెంపది చెయ్యి. భుజానిది బెల్టు. మోచేయిది మెట్ల మీద తోసినప్పటిది.

"మరి గా కోతులు, మూతలు ఎందుకే తల్లీ?" అన్నాను.

"పిల్లకి వాళ్ల నాన్నంటే ప్రాణమండి. రాత్రి చప్పుడు వింటాది. పొద్దున్న లేచి నా మొహం చూస్తాది. దానికో కారణం చెప్పాలి కదా? కోతైతే దానికి భయం ఉండదు. నవ్వుకుని బడికెళ్లిపోతాది."

ముందు రోజు రాత్రి ఆయన చెయ్యి పాప మీదకు కూడా లేచిందట. పడలేదు. లేచింది, ఆగింది. అది చాలు అనుకుంది ఆమె. ఇంతకాలం తన ఒంటికి సరిపడా కథలు కట్టుకుంది కానీ, పాప ఒంటికి ఒక్కటి కూడా కట్టలేనని చెప్పింది.

మా వెనక గల్లీలో ఒక గది చూసిపెట్టాను. ఆమె నా దుకాణంలో చీరలకు ఫాల్స్ కుట్టేది. విడాకులూ, పాప తన దగ్గరే ఉండాలనీ ఫ్యామిలీ కోర్టులో కేసు వేసింది. పాప తనకే కావాలని ఆయనా వేశాడు. పుట్టింటినుంచి ఎవరూ రాలేదు. అన్నగారు ఒకసారి నా దుకాణానికి ఫోన్ చేశాడు. "సాఫ్ట్‌వేర్ మొగుణ్ణి వదులుకుంటావేటే పిచ్చిదానా?" అన్న మాట ఫోన్ దాటి నాకు కూడా వినబడింది. ఆమె, "ఉంటానన్నయ్యా, మిషన్ మీద పనుంది" అని పెట్టేసింది. ఆ పూట మిషన్ మీద పని లేదు.

మొదటి వాయిదాకు ఆమె తయారైన తీరు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. ఉన్నవాటిలో మంచి పట్టుచీర కట్టింది. తల్లో కనకాంబరాలు. మొహాన పౌడరు, పెద్ద బొట్టు.

"పేరంటానికా పోతున్నవు?" అన్నాను.

"జడ్జిగారంటే పెద్దవారు కాదేటండీ? పెద్దవారి ముందుకి నలిగిన చీరతో వెళ్తామా? మా అమ్మ ఊరుకోదు" అంది.

కౌన్సెలింగ్ గదిలో మేడం ఆమెను పైనుంచి కిందికి చూసి, "చూడ్డానికి లక్షణంగా ఉన్నారు కదమ్మా, ఏం తక్కువ చేశారు మీకు?" అందట. రెండోసారి పాత నేత చీర కట్టుకుని పోయింది. అవతలి లాయరు, "ఈ స్థితిలో ఉన్నామె పిల్లనెలా పెంచుతుంది?" అన్నాడు. మూడోసారి ఏది కట్టుకోవాలో తెలియక రెండు చీరలు పట్టుకుని నా దుకాణానికొచ్చి నిలబడింది. ఏం చెప్పాలి నేను? కొలతలైతే తీయగలను.

కౌన్సెలింగ్‌లో మొగుణ్ణీ పెళ్లాన్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెడతారు. ఎదురెదురుగా మాట్లాడుకుంటే మనసులు కలుస్తాయని. మొదటి రోజు ఆయన నీళ్ల బాటిల్ మూత తీసి ఆమె చేతికిచ్చాడట, మెత్తగా, "తాగు, ఎండలో వచ్చావు" అని. మేడం కళ్లు చెమ్మగిల్లాయి. "ఇంత ప్రేమగా చూసుకునే మనిషి మీద ఏం ఫిర్యాదమ్మా?" అంది. ఈమె అందుకోబోతే నీళ్లు పట్టుచీర కుచ్చిళ్ల మీద ఒలికాయి. ఆయన జేబురుమాలు తీసి ఇచ్చాడు. మేడం రాసుకుంది, భర్త ఓపికగా ఉన్నాడు, భార్య చిరాకుగా ఉంది అని.

"ఆయన పక్కనుంటే నాకు మాట రాదండి" అని ఆమె నాతో అంది. "ఇన్నేళ్లు ఆ మనిషి పక్కనుండగా మాట రాకుండా చూసుకోవడమే కదా నా పని?"

ఆమె తరఫు లాయరమ్మ నా ఖాతాదారే. నల్లకోటు కింద వేసుకునే తెల్ల బ్లౌజులు నేనే కుట్టేదాన్ని. నేను సాక్ష్యం చెప్తానన్నాను. చేతుల మీద మచ్చలు చూసిన మనిషిని కదా.

"మీరొద్దు ఆంటీ" అంది లాయరమ్మ. "మీరు బోనెక్కితే నేను నవ్వాపుకోలేను. గా సొరకాయ ముచ్చట అవతలి లాయరు భార్యకు కూడా ఎరికే."

వేరే సాక్ష్యం వెతికారు. దొరికింది ఆసుపత్రి చీటీలు. అన్నిట్లోనూ ఒకటే మాట: జారిపడ్డారు. ఇంట్లో జారిపడ్డారు, మెట్ల మీద జారిపడ్డారు, స్నానాల గదిలో జారిపడ్డారు. "ఇవి ఎవరు చెప్పారమ్మా డాక్టరుకి?" అని అవతలి లాయరు అడిగాడు.

"నేనేనండి."

"మీ నోటితోనే?"

"నా నోటితోనే. ఆయన పక్కనే నిలబడి ఉన్నారండి."

"ఆయన మీ నోరు మూశారా?"

లేదంది. నిజమే కదా, మూయలేదు.

మా వీధి ఆడవాళ్లు ఇద్దరు సాక్ష్యానికి వచ్చారు. చెడ్డవాళ్లు కాదు. అడిగినదానికి చెప్పారు. "కోతి కొట్టిందని చెప్పింది సార్", "కుక్కర్ మూత అని చెప్పింది సార్" అని. చెప్తూ చెప్తూ ఒకామె నవ్వింది కూడా. కథ గుర్తొస్తే నవ్వు ఆగదు మరి.

ఇక పాపతో మాట్లాడతామన్నారు జడ్జిగారు. మంచాయన. తన గదిలోకి ఒక్కదాన్నే పిలిపించుకున్నారు, ఎవరూ వెనకనుంచి సైగలు చెయ్యకుండా. మేమిద్దరం వరండాలో కూర్చున్నాం. తలుపు సందులోంచి మాటలు రావడం లేదు. ఆమె టిఫిన్ డబ్బా మూత తీస్తూ, పెడుతూ, మళ్లీ తీస్తూ ఉంది. ఎదురు బెంచీ మీద ఆయన ఫోన్లో మెసేజులు కొడుతున్నాడు. ఒక్కసారి లోపలినుంచి పెద్ద నవ్వు వినబడింది. జడ్జిగారిది. ఆమె చెయ్యి డబ్బా మీద ఆగిపోయింది.

పాప గంతులేస్తూ బయటికొచ్చింది. చేతిలో చాక్లెట్.

"అమ్మా! జడ్జి తాత నీకు దెబ్బలెలా తగిలాయని అడిగాడు. నేను కుక్కర్ కథ చెప్పాను. మొత్తం చెప్పాను. రెక్క తిప్పి చూపించాను. 'నేను దిగను' అంది కదా, అది కూడా మర్చిపోలేదు. చాలా నవ్వాడు!"

ఆమె పాప మొహం వంక చూసింది. చూసి, నుదుటి మీద చెదిరిన జుట్టు వెనక్కి దువ్వింది.

"బాగా చెప్పేవమ్మా" అంది.

ఒక పక్కతో కాదు, మొత్తం మొహంతో నవ్వింది ఆ పిల్లకోసం. నేను లేచి నీళ్ల కుండ దగ్గరికి పోయాను. నాకప్పుడు దాహం లేదు.

ఆ సాయంత్రం లాయరమ్మ నా దుకాణంలోనే కూర్చుని చెప్పింది. "పాప మాట రికార్డుల ఎక్కింది. పిల్లలు అబద్ధం చెప్పరని జడ్జిగారి నమ్మకం."

"దానికి నిజం చెప్తానండి. మళ్లీ అడగమనండి" అంది ఆమె.

"గప్పుడు తల్లి నేర్పించింది అంటరు. 'ఎవరు చెప్పిండ్రు నీకు?' అని అడుగుతరు. పాప ఏమంటది? 'అమ్మ చెప్పింది' అంటది. ఖతం."

ఆమె చేతిలోని ఫాల్‌కు సూది గుచ్చింది, తీసింది. "అంటే అబద్ధం చెప్తే సాక్ష్యం, నిజం చెప్తే నేర్పించినట్టు" అంది మెల్లగా. లాయరమ్మ చిన్న వయసు పిల్ల, పాపం. కళ్లద్దాలు తుడుచుకుంది.

అటుపక్కనుంచి రాజీ కబురు కొన్ని వారాల తర్వాత వచ్చింది. ఆయనను కంపెనీ ఆన్‌సైట్ అని పై దేశానికి పంపుతోంది. అలాంటప్పుడు కోర్టు కాగితాల్లో 'కొట్టాడు' అన్న మాట తన పేరు పక్కన ఉండకూడదు. ఇద్దరూ ఒప్పుకుని విడిపోదామన్నాడు, పాపను ఆమెకే వదిలేస్తానన్నాడు. బదులుగా ఆమె ఒప్పుకోవాలి, దెబ్బలన్నీ ప్రమాదవశాత్తు తగిలినవనీ, భర్త ఏనాడూ చెయ్యి చేసుకోలేదనీ, అపార్థం వల్ల నిందలు వేశాననీ.

లాయరమ్మ చదివి వినిపించింది. ఈమె విని, "ఎవరు రాసేరండి ఇది?" అంది.

"వాళ్ల లాయరు."

"ఏటండీ ఇంత చప్పగా రాసేరు? ఒక్క చోటైనా నమ్మబుద్ధయ్యేలా ఉందేటి?"

ముగ్గురం నవ్వాం. అందరికన్నా ముందు ఆమే ఆపింది.

"ఒప్పుకోకపోతే?" అంది.

"కొట్లాడుదాం అక్కా. నేను తయారే. కానీ పాప ఎవరి దగ్గర ఉంటదో నేను జిమ్మేదారి తీసుకోలేను."

"చెయ్యి లేచింది కదండీ దాని మీదకి" అంది, ఎవరితోనూ కాదు. సంతకానికి పెన్ను తనే అడిగింది.

చివరి వాయిదా నాడు పాపను బడికి పంపి ఇద్దరమే పోయాం. ఏ చీర కట్టాలని ఆ రోజు అడగలేదు. చేతికందింది కట్టుకుంది. బంట్రోతు పేరు అరిచాడు. ఆయన అటు, ఈమె ఇటు నిలబడ్డారు. జడ్జిగారు కాగితం తిప్పి కళ్లద్దాల మీదనుంచి చూశారు.

"ఇందులో రాసింది చదివారామ్మా?"

"చదివేనండి."

"దెబ్బలు ప్రమాదవశాత్తు తగిలినవేనా?"

"అవునండి."

"ఎవరి బలవంతం లేకుండా చెప్తున్నారా?"

నేను వెనక గోడకు ఆనుకుని ఆమె వీపు చూస్తున్నాను. పొడుగు చేతుల బ్లౌజు, నేను కుట్టిందే. భుజం కుట్టు దగ్గర ఒక్క చోట గుడ్డ వదులైంది. ఎంత చిక్కిపోయిందో అనుకున్నాను.

"ఎవరి బలవంతం లేదండి" అంది.

"మంచిదమ్మా. పిల్ల కోసం మంచి పని చేశారు" అన్నారు జడ్జిగారు, ఎంతో దయగా. ఆ కోర్టులో ఆమె చెప్పిన మాట ఎవరైనా నమ్మింది అదే మొదటిసారి.

బయట ఆయన నాకు "వస్తాను ఆంటీ" చెప్పి, ట్యాగు మెడలో వేసుకుని కారెక్కాడు. లాయరమ్మ ఆమె చెయ్యి నొక్కి వదిలి, ఇంకో కేసుకు పిలుస్తుంటే పరుగెత్తింది. మేము బస్‌స్టాప్‌కు నడిచాం. పాపకు బడి వదిలే వేళవుతోంది. ఎండ. పల్లీల బండివాడు, చెవుల్లో వైర్లు పెట్టుకున్న కాలేజీ పిల్లలు, ఒక పూలామె. పాప ఇక తనదే. ఆ మాట నేను రెండుసార్లు అన్నాను. ఆమె తలూపింది.

కాసేపటికి అడిగింది. "వదినగారూ, మీరు నమ్మేరు కదా?"

"నమ్మిన."

"ఏటి నమ్మేరో చెప్పండి."

నేను అటూ ఇటూ చూశాను. పూలామె మా వంకే చూస్తోంది. "ఇక్కడనా?" అన్నాను.

"ఇక్కడే. లోపల కోర్టులో కొట్టలేదని రాసేసేరు కదండీ. ఎక్కడో ఓ చోట ఉండాలి."

"నీ మొగుడు నిన్ను కొట్టిండు" అన్నాను. ఉప్పూ కారం లేకుండా నా నోట్లోంచి ఒక మాట వచ్చిందంటే అదే.

"ఎక్కడ కొట్టేరు?"

"చెంప మీద. భుజం మీద. మెట్ల మీద తోసిండు."

"నేను జారిపడ్డానేటి?"

"లేదు. నువ్వు జారి పడలే. వాడు కొట్టిండు."

తల వంచుకుని వింది. మా బస్సు వచ్చింది. కండక్టర్ రేకు మీద చరిచి, "ఎక్కుతరా లేదా అమ్మా?" అని అరిచాడు. ఆమె కదల్లేదు. బస్సు కదిలి, పొగ వదిలి, మలుపు తిరిగిపోయింది.

"ఇంకోసారి చెప్పండి" అంది.